ఊరు మాది, తాళం వారిది

పదేళ్లు ఎదురుచూసిన అభిమానుల చేతికి 2013లో నగరాలు కట్టే ఆటల సిరీస్ ‘సిమ్‌సిటీ’లో కొత్త గేమ్ వచ్చింది. ఆ సిరీస్‌లో ఆ తర్వాత పెద్ద గేమ్ మరొకటి రాలేదు. ప్రేమించినవాళ్లే ఎందుకు దూరమయ్యారు? ఆ పేరుకు ఇంకా భవిష్యత్తు ఉందా?

2013 మార్చి 5న అమెరికాలో విడుదలైంది ఆ గేమ్. ముందే డబ్బు కట్టి, అర్ధరాత్రి కోసం మేలుకుని కూర్చున్నవాళ్లకు తెర మీద ఖాళీ నేల కనిపించలేదు. సర్వర్లలో చోటు లేదు, ఆగండి అన్న సందేశం కనిపించింది. ఎలాగో లోపలికి వెళ్లినవాళ్లలో కొందరికి, గంటల తరబడి కట్టుకున్న ఊరు మళ్లీ తెరుచుకోలేదు. సర్వర్ల మీద భారం తగ్గించడానికి ఆటలో కాలాన్ని పరుగెత్తించే ‘చీతా’ వేగాన్నే కంపెనీ కొన్నాళ్లు తీసేసింది. అమెజాన్ డౌన్‌లోడ్ అమ్మకాలను తాత్కాలికంగా ఆపేసింది. క్షమాపణగా, గేమ్‌ను విడుదల చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ మరో గేమ్ ఉచితంగా ఇస్తామంది. ఎంచుకోమన్న ఎనిమిదింటిలో 2003 నాటి ‘సిమ్‌సిటీ 4’ కూడా ఉంది.

సర్వర్ల గొడవ కొన్ని వారాల్లో సద్దుమణిగింది. నిరాశ మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే అసలు ఈ ఆటను జనం ఎందుకు ప్రేమించారో చూడాలి.

విల్ రైట్ 1984లో ‘రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే’ అనే యుద్ధ గేమ్ చేశాడు. హెలికాప్టర్‌లో ఎగురుతూ దీవుల మీద బాంబులు వేయాలి. ఆ దీవులను తయారు చేయడానికి తాను రాసుకున్న ఎడిటర్‌లో రోడ్లూ కట్టడాలూ పేర్చుకుంటుంటే, కూల్చడం కన్నా కట్టడమే బాగుందని అతనికి తోచింది. సిమ్‌సిటీకి బీజం అదే. గెలుపూ ఓటమీ లేని ఆటను ఎవరు కొంటారని బ్రోడర్‌బండ్ సంస్థ వెనకాడింది. రైట్ 1987లో జెఫ్ బ్రౌన్‌తో కలిసి మాక్సిస్ సంస్థ పెట్టాడు. 1989లో ఆట బయటికొచ్చింది. ఇళ్లకు ఆకుపచ్చ, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు పసుపు. నేల మీద ఆ రంగులు పరిచి, రోడ్డు వేసి, కరెంటు ఇస్తే జనం వచ్చి స్థిరపడతారు. పన్ను పెంచితే మూటాముల్లె సర్దుకుని పోతారు.

ఊరు మొత్తం ఒక్క మనిషి చేతిలో ఉండటం ఈ ఆటకు ప్రాణం. రాత్రి సేవ్ చేసుకుని పడుకోవచ్చు. కోపం వస్తే సుడిగాలిని తోలి సగం ఊరు తుడిచేసి, మళ్లీ పాత సేవ్‌కి వెళ్లి ఏమీ జరగనట్టు కొనసాగించవచ్చు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. పదేళ్ల పిల్లవాడికైనా రిటైరైన ఇంజినీరుకైనా అక్కడ దొరికిన స్వేచ్ఛ ఒక్కటే.

సిరీస్‌ను మొదటినుంచి కొత్తగా ఆరంభిస్తున్నట్టు, 2013 నాటి గేమ్ పేరు పక్కన అంకె లేకుండా వచ్చింది. ఎప్పుడూ ఇంటర్నెట్‌కు కలిపి ఉంచాలన్న షరతుతో ఆ స్వేచ్ఛనే పట్టుకుపోయింది. అప్పట్లో మీ ఊరు మీ కంప్యూటర్‌లో ఉండేది కాదు, కంపెనీ సర్వర్‌లో ఉండేది. పాత సేవ్‌కి వెళ్లే దారి లేదు. నేల ఎత్తుపల్లాలు మార్చుకునే వీలు లేదు. ఊరి హద్దు 2 కిలోమీటర్ల చదరం. ‘సిమ్‌సిటీ 4’లో పెద్ద స్థలం 4 కిలోమీటర్ల చదరం, అంటే నాలుగింతలు. పదేళ్ల తర్వాత వచ్చిన కొత్త ఆటలో ఊరు కుంచించుకుపోయిందంటే ఏ అభిమాని ఒప్పుకుంటాడు?

ఇక ఆ గేమ్‌ను నడిపించిన ‘గ్లాస్‌బాక్స్’ ఇంజిన్. ఆలోచన గొప్పదే. ఊళ్లో ప్రతి మనిషీ, ప్రతి నీటిచుక్కా విడివిడిగా కదిలే ఏజెంట్ అన్నారు. తీరా చూస్తే ఆ మనిషికి సొంత ఇల్లూ లేదు, సొంత ఉద్యోగమూ లేదు. పొద్దున దగ్గర్లో ఖాళీ ఉన్న పనిలో చేరతాడు, సాయంత్రం దగ్గర్లో ఖాళీ ఉన్న ఇంట్లో దూరతాడు. రెండుచోట్ల మంటలు లేస్తే ఫైరింజన్లన్నీ ఒకే మంట దగ్గరికి వెళ్లేవి. పక్కన విశాలమైన రోడ్డు ఖాళీగా ఉన్నా, దగ్గరి దారి అని కార్లన్నీ మట్టిరోడ్డు మీద బారులు తీరేవి. తెర మీద చూపే జనాభా కూడా ఆటలో నిజంగా తిరిగేవారి సంఖ్య కన్నా పెంచి చూపినదే. వీటిలో కొన్నింటిని తర్వాత సరిచేశారు. కానీ అంకెలు నిజమనే నమ్మకం మీదే నిలబడ్డ ఆట ఇది. జనాభా అంకె దగ్గరే మోసపోయామని తెలిశాక ఆ బాధ చిన్నది కాదు.

ఆటలో చాలా లెక్కలు తమ సర్వర్లలోనే జరుగుతాయనీ, ఆఫ్‌లైన్‌లో ఆడించడం అంత తేలిక కాదనీ మాక్సిస్ అధిపతి ల్యూసీ బ్రాడ్‌షా మొదట చెప్పారు. కొద్దిరోజుల్లోనే, గేమ్‌లో సొంతంగా మార్పులు (మాడ్లు) చేసే ఓ మాడర్ నెట్ లేకుండా ఆడి చూపించాడు. ఆఫ్‌లైన్ గేమ్ చేయగలిగేవాళ్లమే గాని తమ ఆలోచనకు అది సరిపడలేదని ఆమె తర్వాత వివరించారు. ఏడాది గడిచాక, 2014 మార్చిలో, అదే ఆఫ్‌లైన్ సదుపాయం అప్‌డేట్‌గా వచ్చింది. నన్నడిగితే అసలు గాయం ఇక్కడే తగిలింది. సాంకేతిక లోపాన్ని అభిమానులు క్షమిస్తారు. కావాలని వేసిన తాళాన్ని క్షమించడం కష్టం.

అభిమానం ఫిన్లాండ్ చేరింది

2015 మార్చి 4న ఎమరీవిల్‌లోని మాక్సిస్ స్టూడియో మూతపడింది. ఆరు రోజులకే ‘సిటీస్: స్కైలైన్స్’ విడుదలైంది. చేసింది ఫిన్లాండ్‌లోని టాంపెరెలో పదిమందికి కాస్త పైబడిన బృందం, కొలోసల్ ఆర్డర్. వాళ్లు ఎప్పటినుంచో నగర నిర్మాణ గేమ్ చేస్తామంటున్నా, సిమ్‌సిటీ ఉండగా ఎందుకని పబ్లిషర్ పారడాక్స్ తటపటాయించింది. సిమ్‌సిటీ తడబడ్డాకే పచ్చజెండా ఊపింది. నెట్ అక్కర్లేదు, నేల విశాలం, మాడ్లకు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. తొలి 24 గంటల్లో రెండున్నర లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

అంతటి ఆటా తన రెండో భాగానికి అదే గోతిలో పడింది. 2023 అక్టోబరులో వచ్చిన ‘సిటీస్: స్కైలైన్స్ 2’ మంచి కంప్యూటర్ల మీద కూడా ఈడ్చుకుంటూ నడిచింది. లోపాలు సరిచేయకముందే 2024లో అమ్మకానికి పెట్టిన అదనపు ప్యాక్‌కు డబ్బు వెనక్కిచ్చి క్షమాపణ చెప్పారు. 2025 చివర్లో పారడాక్స్, కొలోసల్ ఆర్డర్ విడిపోతున్నట్టు ప్రకటించాయి. సిరీస్ బాధ్యత ఐస్‌ఫ్లేక్ స్టూడియోకు వెళ్లింది.

అంటే, నిరాశపడి వచ్చిన అభిమానులు రెండోసారి నిరాశపడి ఉన్నారు. ఈ ఖాళీని చూసి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కదులుతుందా? ఆ కంపెనీనే 5,500 కోట్ల డాలర్లకు కొనేందుకు సౌదీ పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్, మరికొందరు మదుపరులు 2025 సెప్టెంబరులో ఒప్పందం కుదుర్చుకున్నారు. అంత డబ్బు పెట్టినవాళ్లు రాబడినే చూస్తారన్న భయం నాకుంది. 2014 నుంచి ఫోన్లలో నడుస్తున్న ‘సిమ్‌సిటీ బిల్డిట్’లో ప్రతి పనికీ కాసేపు ఆగాలి, ఆగలేకపోతే డబ్బు కట్టాలి. సిమ్‌సిటీ పేరుకు ఇక అదొక్కటే గతి అయితే అన్యాయం.

ఎందుకంటే అభిమానులు ఇంకా ఉన్నారు. 2003 నాటి ‘సిమ్‌సిటీ 4’కి రోడ్లు, రైలు మార్గాలు, వంతెనలు జోడించే మాడ్‌ను స్వచ్ఛందంగా ఏళ్ల తరబడి మెరుగుపరుస్తూ వచ్చారు. ఒక్క పైసా ఆశించకుండా ఇంత శ్రమ చేసేవాళ్లున్న పేరును మూలన పడేయడం నాకు అర్థం కాదు. రేపు కొత్త సిమ్‌సిటీ వస్తే నేను ముందు చూసేవి ఇవి: నెట్ తీసేసినా తెరుచుకుంటుందా, నిన్నటి సేవ్‌కి వెనక్కి వెళ్లనిస్తుందా, నేల చాలినంత ఉందా, మాడ్లు చేసేవాళ్లను రానిస్తుందా. వీటన్నిటికీ అవునని చెబితే మొదటిరోజే కొంటాను.