3.4 సునాముఖి: పనిచేసే తీరు, జాగ్రత్తలు

మలబద్ధకానికి ఆయుర్వేదంలో వాడే విరేచన ద్రవ్యాలలో సునాముఖి ఒకటి. దీనిని నేలతంగేడు అని కూడా అంటారు. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతం దీని సాగుకు ప్రసిద్ధి. ఎండిన ఆకులను, కాయలను ఔషధంగా వాడతారు.

పనిచేసే విధానం: ఆకులోని సెన్నోసైడ్లు పెద్దపేగుకు చేరాక, అక్కడి బాక్టీరియా వాటిని చురుకైన పదార్థంగా మారుస్తాయి. అది పేగు కదలికలను పెంచి, మలంలో నీరు నిలిచేలా చేస్తుంది. ఇందుకు 6 నుంచి 12 గంటలు పడుతుంది. అందువల్లనే చూర్ణాన్ని రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీటితో తీసుకుంటారు. గంటలో ఫలితం కనిపించలేదని మరో మోతాదు వేసుకోకూడదు. అలా చేస్తే కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు కలగవచ్చు.

జాగ్రత్తలు: మూలిక కాబట్టి రోజూ వాడినా హాని లేదన్న అభిప్రాయం సరికాదు. దీర్ఘకాలం వాడితే శరీరంలో పొటాషియం తగ్గవచ్చు. గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడేవారికి ఇది ప్రమాదకరం. వైద్య సలహా లేకుండా వారం రోజులకు మించి వాడరాదు. గర్భిణులు, పిల్లల విషయంలో వైద్యుని సలహా తప్పనిసరి. మలంలో రక్తం, వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే చూర్ణం మాని వెంటనే వైద్యుని సంప్రదించాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
సునాముఖి చూర్ణాన్ని రాత్రిపూట ఎందుకు తీసుకుంటారు? దానిని రోజూ ఎందుకు వాడకూడదు?