మడ్‌గార్డు వంచకుండా వెనుక చక్రం విప్పటం ఎలా?

గేర్లు లేని నల్ల సైకిలు సరిహద్దు జిల్లాల పల్లెలలో నేటికీ పాలక్యాన్లు మోస్తూనే ఉన్నది. పంక్చరయినంత మాత్రాన దాని చక్రం విప్పనవసరం లేదు. టైరును ఒక ప్రక్క రిమ్ము నుండి తప్పించి, ట్యూబును వెలుపలికి లాగి అతుకు వేయటం ప్రతి సైకిలు షాపులోనూ కనబడే పనే. అయితే టైరుగాని, ట్యూబుగాని పూర్తిగా మార్చవలసి వచ్చినపుడు, ఫ్రీవీలు చెడినపుడు, ఇరుసు విరిగినపుడు చక్రం బయటికి రాక తప్పదు. అప్పుడే నిండు మడ్‌గార్డు అడ్డు నిలుస్తుంది. తొందరపడి చక్రాన్ని గుంజితే మడ్‌గార్డు వంగుతుంది. ఆపై టైరు దానికి రాసుకొని అరిగిపోతుంది.

అడ్డు ఎందుకు వస్తుంది?

ఈ సైకిళ్లలో ఇరుసు కూర్చునే గాడి వెనుకవైపునకు తెరచి ఉంటుంది. దీనికి కారణం లేకపోలేదు. గేర్ల సైకిలులో గొలుసు వదులును వెనుక గేరు అమరికే లాగి పట్టుకుంటుంది. గేర్లు లేనిదానిలో ఇరుసును వెనుకకు జరిపి గొలుసును బిగించాలి. పెడలు బలంగా తొక్కినపుడు గొలుసు ఇరుసును ముందుకు లాగుతుంది. దానిని నిలిపి ఉంచటానికే చైన్ అడ్జస్టర్లు. కనుక చక్రం వెనుకకే రావాలి. వెనుకనేమో మడ్‌గార్డు వంపు. రెండింటి నడుమ సందు కొద్దిపాటిదే. బళ్లారి, రాయచూరు ప్రాంతాల నల్లరేగడి బురద అందులో చేరి ఎండితే ఆ సందు కూడా మిగలదు. ముందుగా ఆ మట్టిని పుల్లతో గీకివేయాలి.

విప్పే క్రమం

చాలా సైకిళ్లలో స్టాండు కూడా ఇరుసుకే బిగించి ఉంటుంది. నట్లు విప్పగానే సైకిలు నిలువదు. అందుచేత గోనెపట్టా పరచి, సీటు, హ్యాండిలు ఆధారంగా సైకిలును తలక్రిందులుగా నిలపాలి. తరువాత వాల్వు విప్పి గాలి పూర్తిగా తీసివేయాలి. పని సులువు కావటానికి కీలకం ఇదే. 28×1½ అంగుళాల టైరు గాలి పోయాక చేతితో నొక్కితే అణగి, మడ్‌గార్డు అంచును దాటిపోతుంది.

ఇరుసు నట్లు విప్పి స్టాండు, క్యారియరు కాళ్లు, మడ్‌గార్డు కమ్ములు, వాషర్లు ఏ వరుసలో ఉన్నవో గమనించి, అదే వరుసలో నేలపై పేర్చుకోవాలి. కమ్ములు ఊడితే మడ్‌గార్డు తోక కొంత వెనుకకు కదులుతుంది. రాడ్డు బ్రేకులున్నచో వాటి రబ్బర్లు రిమ్ముకు లోపలివైపున ఉండి, చక్రాన్ని వెనుకకు రానీయవు. వాటి నట్లు వదులు చేసి ప్రక్కకు తొలగించాలి. ఇక చక్రాన్ని ముందుకు నెట్టితే గొలుసు వదులవుతుంది. దానిని ఫ్రీవీలు పళ్ల నుండి తప్పించి, ఒక చేత మడ్‌గార్డు తోకను ఎత్తిపట్టి, రెండవ చేత చక్రాన్ని వెనుకకు తీయాలి. గొలుసును పూర్తిగా కప్పే పెట్టె ఉంటే దాని వెనుక మూతను ముందే విప్పుకోవాలి.

గాడి ముందుకో, క్రిందికో తెరచి ఉన్న కొత్త సైకిళ్లలో ఇంత శ్రమ లేదు. గొలుసును చిన్న పళ్లచక్రం మీదకు మార్చి, బ్రేకును వదులు చేస్తే చాలు. టైరు వెడల్పుగా ఉంటే గాలి తీయాలి.

బిగించేటపుడు

ఆపద విప్పుటలో కాక బిగించుటలో ఉన్నది. చక్రం రెండు ప్రక్కల కమ్ముల నడుమ సమదూరంలో నిలవాలి. గొలుసు మధ్యభాగం సుమారు అర అంగుళం పైకి, క్రిందికి ఆడాలి. నట్లను ఒకదాని తరువాత ఒకటిగా, కొంచెం కొంచెంగా బిగించాలి. నట్టు వదులుగా ఉంటే గొలుసు లాగుడుకు ఇరుసు కుడికొన ముందుకు జరిగి, టైరు ఎడమ కమ్మిని ఒరుసుకుంటుంది, గొలుసు ఊడుతుంది. నిండు బరువుతో రహదారి మీద వెళ్లేవారికి అది ప్రాణాపాయమే. కనుక గాలి నింపి, చక్రాన్ని త్రిప్పి చూచి, బ్రేకులను పరీక్షించిన తరువాతనే సైకిలెక్కటం మేలు.