పాతబడిన మందు

తెలుగులో జబ్బుకు వాడేదీ మందే, తుపాకీలో కూరేదీ మందే. మొదటిదాని సీసా మీద గడువు తేదీ ఉంటుంది. రెండవదాని డబ్బా మీద సాధారణంగా ఉండదు. అమెరికాలో తూటాలను ఇంట్లోనే నింపుకునేవారి దగ్గర, తయారీ ఏనాడో ఆగిపోయిన రైఫిల్ మందు ఇప్పటికీ కనిపిస్తుంది. తండ్రి గరాజ్‌లో దొరికిన అటువంటి డబ్బా గురించి ఒక పేషెంటు నన్ను అడిగాడు: వాసన చూస్తే తెలుస్తుందా అని.

కొంతవరకే. పొగరాని మందుకు మూలమైన నైట్రోసెల్యులోజ్, కదిలించకపోయినా తనంత తానే విచ్ఛిన్నమవుతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వెలువరిస్తుంది. ఆ వాయువులే విచ్ఛిత్తిని మరింత వేగిరపరుస్తాయి. వాటిని పట్టి ఉంచడానికి డైఫినైలమైన్ వంటి పదార్థాన్ని కలుపుతారు. అది కాస్తా ఖర్చయిపోయాక, మందు తనలో పుట్టిన వేడికే అంటుకోగలదు. 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే ఫ్రెంచి యుద్ధనౌకలు తూలాన్ రేవులో పేలిపోవడానికి చెడిపోయిన మందే కారణమని భావించారు.

వేసవిలో కాగే గరాజ్ ఈ క్రమాన్ని తొందరపెడుతుంది. ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రని ధూళి, డబ్బా లోపలి తుప్పు చెడినదానికి గుర్తులు. అవి లేనంత మాత్రాన మంచిదని కాదు. ముక్కు దగ్గర పెట్టుకొని పీల్చడాన్ని మాత్రం వైద్యుడిగా ఒప్పుకోలేను. నైట్రోజన్ డయాక్సైడ్ మోతాదు మించితే, అప్పటికి దగ్గుతో సరిపోయినట్టున్నా, కొన్ని గంటల తరవాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. డబ్బాను కదపకుండా అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయమన్నాను.