ఆర్‌ఎక్స్ స్పేర్ ఇంజిన్ దొరికిందా? గోనెసంచిలో చుట్టొద్దు!

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అందుకే బండి ఉన్న కుర్రాళ్లు మంచి ఇంజిన్ కనిపిస్తే కొని దాచేస్తున్నారు. కొనడం బాగానే ఉంది, దాచడమే రావట్లేదు! గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పడేస్తే రెండు వానాకాలాల్లో పిస్టన్ పట్టేసినా ఆశ్చర్యం లేదు.

ఇది టూ స్ట్రోక్. క్రాంక్ బేరింగులకు ఆయిల్ అందేది పెట్రోల్‌తో పాటే. ఇంజిన్ ఆగితే కొత్త చుక్క అందదు, పాతది కారిపోయిన చోట తుప్పు మొదలవుతుంది. గేర్ ఆయిల్ నిండుగా ఉంది కదా అంటారేమో, దాని గది వేరు.

ప్లగ్ విప్పి ఒక చెంచా టూటీ ఆయిల్ పోయండి. కార్బురేటర్ తీసేసి, ఆ రంధ్రంలో ఇంకొంచెం. కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా తిప్పి, ప్లగ్ బిగించేయండి. ఇన్‌టేక్‌కి, సైలెన్సర్ రంధ్రానికి రబ్బరు మూతలు పెట్టండి. గుడ్డలు కుక్కితే అవే తేమ పీల్చి కొంప ముంచుతాయి. కార్బురేటర్‌లో పెట్రోల్ మిగలకూడదు, ఇప్పుడు వచ్చే ఇథనాల్ పెట్రోల్ తేమను లాగుతుంది.

మూడు నెలలకోసారి తిప్పండి, కానీ ముందు కాస్త ఆయిల్ పోశాకే. ఉత్తినే తిప్పితే ఉన్న పొర కూడా పోతుంది.

అన్నట్టు, ఇంజిన్ బిల్లు జాగ్రత్త. రేపు బండికి ఎక్కించినప్పుడు ఆర్సీలో నంబరు మార్పించుకోవాలి మరి.