కలకత్తా కుళాయి, సియోల్ తలుపు

కోల్‌కతాలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ల కంట మొదట పడేది వీధులు కడిగే పద్ధతి. తెల్లవారుజామున పురపాలక సిబ్బంది వీధి పంపులకు లావుపాటి గొట్టాలు తగిలించి గంగనీళ్లతో రోడ్లు కడుగుతారు. ఇంట్లో తాగే నీళ్లు వేరు, ఈ శుద్ధి చేయని నీళ్లు వేరు. నేల కింద రెండింటికీ విడివిడిగా గొట్టాలున్నాయి. ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తడం తెలిసిన వాళ్లకు ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

తాగే నీళ్ల వెనక ఉన్నది టాలా ట్యాంకు. నేల నుంచి ఎత్తి కట్టిన నీళ్ల ట్యాంకుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దీనికి పేరు. 1909లో మొదలుపెట్టి 1911లో ముగించారు. నూటపది అడుగుల ఎత్తున, ఉక్కు స్తంభాల మీద, తొంభై లక్షల గ్యాలన్లు, అంటే సుమారు నాలుగు కోట్ల లీటర్లు నిలుస్తాయి. పల్తా అనే చోట హుగ్లీ నది నీటిని శుద్ధి చేసి ఇక్కడికి పంపుతారు. పరిమాణం కన్నా నాకు ముచ్చటగా తోచేది దాని లోపలి అమరిక. ట్యాంకును నాలుగు గదులుగా కట్టారు. ఒక గది ఖాళీ చేసి కడుగుతున్నా, మరమ్మతు చేస్తున్నా మిగతా మూడూ ఊరికి నీళ్లిస్తూనే ఉంటాయి. నూరేళ్లు దాటాక ఈమధ్య చేపట్టిన పెద్ద మరమ్మతు కూడా ఇలా గది తర్వాత గదిగానే సాగింది. ముందుచూపు అంటే అదీ!

చదువులకో ఉద్యోగాలకో దక్షిణ కొరియా వెళ్లిన మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి చెప్పే వింతల్లో తాళంచెవి లేని తలుపు ఒకటి. సియోల్ అపార్ట్‌మెంట్లలో తలుపుకు అంకెల పలక ఉంటుంది. కొన్నిటికి వేలు ఆనిస్తే చాలు, తెరుచుకుంటుంది. ఇలా వేలిముద్రతో మనిషిని పోల్చుకునే విద్యను క్రమబద్ధం చేసిన ఊళ్లలో కలకత్తా ముఖ్యమైనది. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరోగా చెప్పేది 1897లో ఇక్కడ ఏర్పడిందే. పద్ధతికి పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది కానీ, లెక్క కట్టింది ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పది వేళ్ల ముద్రల్ని 1024 అరలుగా విడగొట్టి, వేల కాగితాల మధ్య నుంచి కావలసిన ఒక్క కాగితాన్ని త్వరగా బయటికి తీసే సూత్రం హక్‌ది. జల్‌పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగినచోట ఒక బెంగాలీ పంచాంగం మీద బొటనవేలి ముద్ర దొరికింది. అది బ్యూరోలో దాచిన పాత ముద్రతో సరిపోయింది. నిందితుడికి దొంగతనం నేరం కింద శిక్ష పడింది, హత్యానేరం మాత్రం నిలవలేదు. 1901 నాటికి ఇదే పద్ధతి లండన్ స్కాట్లండ్ యార్డుకు చేరింది. ఫోనుకు వేలు ఆనించే ప్రతివాళ్లూ ఆ ఇద్దరు బెంగాలీల పేర్లు తెలుసుకోవాలని నా కోరిక.

ఫోను మాట వచ్చింది కనుక: దేశంలో మొదటి మొబైల్ కాల్ కూడా ఇక్కడి నుంచే వెళ్లింది. 1995 జులై 31న అప్పటి రాష్ట్ర సచివాలయం రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అంతకు నూరేళ్ల ముందు, 1892లో దేశంలో తొలి లిఫ్టును అమర్చిందీ కలకత్తాలో రాజ్‌భవన్‌గా పేరుపడిన భవనంలోనే.

మెట్రో సంగతి తెలిసిందే. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లతో మొదలైంది. హైదరాబాదుకు మెట్రో వచ్చింది 2017లో. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా దిగేవాళ్లు ఇప్పుడు స్టేషన్‌లోంచే మెట్రో పట్టుకుని హుగ్లీ నది కిందుగా ఎస్ప్లనేడ్ వెళ్లొచ్చు. 2024 మార్చిలో మొదలైన ఈ దారి దేశంలో నది అడుగున సాగే తొలి మెట్రో. 520 మీటర్ల నదీభాగం 45 సెకన్లలో దాటేస్తుంది.

ట్రాము దగ్గర మాత్రం ఒక సవరణ అవసరం. ఆసియాలో తొలి కరెంటు ట్రాము కలకత్తాదేనని చాలాచోట్ల రాస్తుంటారు. కాదు. మన మద్రాసులో 1895లోనే నడిచింది. జపాన్‌లో క్యోటోకూ అదే ఏడు వచ్చింది. సియోల్‌కు 1899లో వచ్చింది. కలకత్తాలో గుర్రాలు లాగిన ట్రాము 1873 నాటిదైనా, కరెంటు ట్రాము 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్, కిద్దర్‌పూర్ మధ్య మొదలైంది. మరి దీని ఘనత ఏమిటంటే, మద్రాసు 1953లో, సియోల్ 1968లో, క్యోటో 1978లో తమ ట్రాములు ఆపేశాయి; కలకత్తా ఆపలేదు. అలాంటిది, 2024 సెప్టెంబరులో మైదాన్–ఎస్ప్లనేడ్ వారసత్వ మార్గం తప్ప మిగతావి తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఊళ్లన్నీ కరెంటు బస్సులు కొంటున్న కాలంలో పొగలేని బండిని వద్దనుకోవడం నాకు మింగుడుపడదు. శ్యామ్‌బజార్ నుంచి, గరియాహాట్ నుంచి జనం ఎక్కిన ట్రాము షికారు బండిగా మిగిలిపోవలసినది కాదు.

మనిషి లాగే రిక్షా మిగిలిన మహానగరం కూడా ఇదే. వానలకు వీధులు మునిగినప్పుడు స్కూలు పిల్లల్ని దాటించేది అదే, నిజమే. ఆ రికార్డు మాత్రం ఈ ఊరికి ఉండకపోతేనే బాగుండును. లాగేవాళ్లకు వేరే బతుకుతెరువు చూపి ఆ బళ్లు ఆపాలి.

ఇక ఈ ఊరి ఋణం మన ఇళ్లలోనూ ఉంది. పిల్లలకు విరేచనాలైతే నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొట్లం ఎంత పనిచేస్తుందో లోకానికి చూపింది కలకత్తా వైద్యుడు దిలీప్ మహలనబిస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్‌లో కలరా విరుచుకుపడింది. నరాలకెక్కించే సెలైన్ సరిపోలేదు. గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపి, రోగుల దగ్గరున్న బంధువుల చేతనే తాగించే ఏర్పాటు చేశారాయన. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. 2022లో ఆయన కన్నుమూశారు. పద్మవిభూషణ్ ఆ మరుసటి ఏడు ప్రకటించారు.