మాచర్ల నుంచి మెదడు మీద థీసిస్: ముందు ఈ 75 సంగతి తెలుసుకోండి

మాచర్లలో బీఎస్సీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ ఎపిసోడ్. "అన్నా, మాది జువాలజీ. న్యూరోసైన్స్ మీద థీసిస్ రాయొచ్చా?" రాయొచ్చు. కానీ ఒక మెలిక ఉంది. అది ఫస్టియర్‌లోనే తెలియాలి.

యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన విధానం ప్రకారం డిగ్రీ మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. నాలుగో ఏడు కూడా పూర్తి చేస్తే ఆనర్స్. అందులో 12 క్రెడిట్లు పరిశోధనకు పెట్టి థీసిస్ రాస్తే 'ఆనర్స్ విత్ రీసెర్చ్'. దానికి మాత్రం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఫస్ట్ సెమ్‌ని లైట్ తీసుకుంటే ఆ లోటు చివరిదాకా వెంటాడుతుంది.

ఇక టాపిక్. ఎంఆర్ఐ మెషీనే ఉండాలని లేదు. "పక్కన ఫోన్ ఉంటే చదివింది తక్కువ గుర్తుంటుందా?" ఇదీ మెదడు ప్రశ్నే. ఒక గుంపుకి ఫోన్ టేబుల్ మీద, ఇంకో గుంపుకి వేరే గదిలో. ఇద్దరికీ ఒకే పదాల లిస్టు. ఎన్ని గుర్తున్నాయో లెక్కపెట్టడమే. మనుషుల మీద చేసే పని కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి, వాళ్ల ఒప్పుకోలు ముందే తీసుకోవాలి. తేడా ఏమీ రాకపోయినా అది థీసిస్సే. అంకెలు మార్చి రాస్తే మాత్రం కాదు.

మీ కాలేజీలో నాలుగో ఏడు ఉందా, గైడ్ చేసే లెక్చరర్ ఉన్నారా? రేపే అడగండి. ఈలోపు మార్కుల మెమోలు తీసి లెక్కేసుకోండి. ఉంటాను మరి!