మూలనున్న సైకిలు... బడికి దారి!

పుట్టినరోజుకని ముచ్చటపడి కొన్నాం. రెండేళ్లు తొక్కాడు. పిల్లాడు ఎదిగాడు, సైకిలు పొట్టిదైపోయింది. ఇప్పుడది అపార్టుమెంటు సెల్లార్లో గాలి దిగిన టైర్లతో, దుమ్ము కొట్టుకుని పడుంది. చాలా ఇళ్లలో ఇదే కథ.

నెల్లూరు నుంచి మైపాడు వైపో, ఇసకపల్లి వైపో వెళ్తే మరో కథ కనిపిస్తుంది. రొయ్యల గుంటలు, ఉప్పు కయ్యలు, సరుగుడు తోటలు. వాటి మధ్య మత్స్యకారుల పాలేలు, యానాదుల కాలనీలు. చిన్న తరగతులకు దగ్గర్లోనే బడి ఉంటుంది. ఉన్నత పాఠశాలకు మాత్రం దూరం నడవాల్సిన పిల్లలు ఎందరో! అమ్మానాన్నలు తెల్లవారకముందే వేటకో, గుంటల దగ్గర పనికో వెళ్లిపోతారు. బడిలో దింపేవాళ్లుండరు. ఆర్టీసీ బస్సులో ఆడపిల్లలకు టికెట్టు లేదు, నిజమే. కానీ బస్సు పాలెం దాకా రావాలి కదా!

ఆ మూలనున్న సైకిలుకీ ఈ దారికీ ముడివేయడమే కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్న పని. చూడ్డానికి చిన్న సాయమే. పిల్లల ఆరోగ్యం మీద దాని ప్రభావం మాత్రం చిన్నది కాదు.

బడి మానితే... భోజనమూ పోయినట్టే

పేదింటి పిల్లలకు బడంటే పాఠాలే కాదు. మధ్యాహ్న భోజనం, గుడ్డు, చిక్కీ దొరికేది అక్కడే. రక్తహీనత రాకుండా వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు వేసే నులిపురుగుల మందు అందేదీ అక్కడే. బడికి వెళ్లని రోజున ఇవేవీ ఉండవు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. 20-24 ఏళ్ల మహిళల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. ఏడో తరగతో ఎనిమిదో తరగతో అయ్యాక ‘అంత దూరం ఒక్కతే ఎలా పోతుంది?’ అని ఇంట్లో కూర్చోబెడితే, తర్వాత వచ్చేది పెళ్లి మాటే. చిన్న వయసులో కాన్పంటే తల్లికీ బిడ్డకీ ముప్పే.

నాలుగు కిలోమీటర్ల నడకకు ఇంచుమించు గంట పడుతుంది. సైకిలు మీద ఇరవై నిమిషాలు చాలు. రానూపోనూ గంటకు పైగా కలిసొస్తుంది. పొద్దున్నే ఏదైనా తినడానికి, సాయంత్రం చీకటి పడకుండా ఇల్లు చేరడానికి ఆ సమయం అక్కరకొస్తుంది. పైగా 5-17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో మంచి భాగం దారిలోనే తీరిపోతుంది.

సైకిలిస్తే ఏం మారింది?

బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్ల పథకం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలించారు. హైస్కూల్లో చేరిన అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగింది. అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఈ మార్పు ఎక్కువగా కనిపించింది. మన రాష్ట్రంలోనూ ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల అమ్మాయిలకు సైకిళ్లు పంచారు.

స్వచ్ఛంద సంస్థల్లో పేరున్నది వరల్డ్ బైసికిల్ రిలీఫ్. దాని పుట్టుకకు కారణం మన తీరం కూడా చవిచూసిన 2004 డిసెంబరు 26 నాటి సునామీయే. శ్రీలంకలో సర్వం కోల్పోయినవారికి ఆ సంస్థ 24 వేలకు పైగా సైకిళ్లు ఇచ్చింది. తర్వాత ఆఫ్రికాకు విస్తరించింది. జాంబియాలో దూరం నుంచి వచ్చే అమ్మాయిలకు సైకిళ్లిచ్చి ఏడాది చూస్తే, బడి ఎగ్గొట్టడం 27 శాతం, ఆలస్యంగా రావడం 66 శాతం తగ్గాయి. ఆ సంస్థ సైకిళ్లిచ్చి ఊరుకోలేదు. ఊళ్లోనే మెకానిక్కులను తయారుచేసింది, విడిభాగాలు దొరికేలా చూసింది. మన దగ్గర తరచూ మరిచిపోయేది ఇదే!

ఇచ్చేముందు...

* ఓవరాయిలింగ్ మీ ఖర్చుతోనే చేయించండి. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చైను మార్చాలంటే మార్పించండి. బ్రేకు పడని సైకిలు ఇవ్వడం సాయం కాదు, ప్రమాదం.

* పిల్లల ఎత్తుకు సరిపోవాలి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. ఆగినప్పుడు మునివేళ్లు నేలకు ఆనాలి. పెద్ద సైకిలు ఇచ్చి ‘ఎదిగాక సరిపోతుందిలే’ అనుకోవద్దు.

* గేర్లు లేనిదే మేలు. గేరు సైకిలు పాడైతే పల్లెలో బాగుచేసేవారు దొరకడం కష్టం.

* చున్నీ, గౌను చిక్కుకోకుండా చైను గార్డు ఉండాలి. బెల్లు, వెనక ఎర్రటి రిఫ్లెక్టరు తప్పనిసరి.

* వెనక చెల్లినో తమ్ముణ్నో ఎక్కించుకోవడం మామూలే. ఆ పసికాలు చక్రం పుల్లల్లో పడితే మడమ చర్మం లేచిపోతుంది, ఎముకా విరగొచ్చు. చక్రానికి జాలీ, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు బిగించండి. ఒకవేళ గాయమైతే శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు.

* వీలైతే హెల్మెట్ కూడా ఇవ్వండి. కింద పడినప్పుడు తలకు పెద్ద దెబ్బ తగలకుండా కాపాడేది అదే.

ఇచ్చాక...

ఎవరికి అవసరమో ప్రధానోపాధ్యాయులకే బాగా తెలుస్తుంది. బడికి దూరం, హాజరు చూసి వాళ్లనే ఎంపిక చేయమనండి. తొక్కడం రానివాళ్లకు బడి ఆవరణలోనే నాలుగు రోజులు నేర్పించాలి. పక్కనున్న తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది మహిళలకు సైకిలు నేర్పారు. మన పిల్లలకు నేర్పడం ఎంతసేపు?

సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వారానికోసారి మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైనుకు మిషన్ నూనె వేయడం పిల్లలకే అలవాటు చేయాలి. బడిలో ఒక గాలిపంపు, పంక్చర్ సామాను ఉంచితే ఇంకా మంచిది. దగ్గర్లోని సైకిల్ షాపు అతనితో మాట్లాడి ఏడాది మరమ్మతుల ఖర్చు మీరే భరించగలిగితే, సైకిలు మళ్లీ మూలన పడదు. ఓడరేవు లారీలు తిరిగే రోడ్లయితే ఒంటరిగా కాకుండా నలుగురైదుగురు కలిసి, ఒకరి వెనక ఒకరు వెళ్లేలా చూడాలి. ఎండాకాలం నీళ్ల సీసా మరవొద్దు.

చివరగా ఒక్క మాట. సైకిలు ఇచ్చేటప్పుడు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయడం మానేద్దాం. తమ పేదరికం తోటిపిల్లల ముందు బయటపడటం ఆ వయసులో చాలా నొప్పి. దానికి బదులు మీ పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. తన సైకిలు తాళంచెవి తన చేతులతోనే మరో పిల్లకు ఇవ్వనివ్వండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఆ బడికి వెళ్లి హాజరు పట్టీ అడిగి చూడండి. మీ సైకిలు ఏం చేసిందో అందులోనే ఉంటుంది.